మాటలు యాడికి పోయినయిరా?

చాలా రోజుల తర్వాత టపా రాస్తున్నాను. ఆలస్యానికి కారణం అడక్కండి. ఒక రిలీజు, దాని వెనకాల ఇంకో రిలీజు. మనందరి కథే కదా :)

పోయిన మార్గశిరంలో తిమ్మప్ప జాతరకి ఊరెళ్ళాను. మా ఊరు మల్దకల్. గద్వాల నుంచి ఐజ వెళ్ళే దారిలో ఉంటుంది. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా. హైదరాబాద్ నుంచి వచ్చి ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే వదిలి గద్వాల చేరేసరికి మా నాయిన అక్కడే ఏదో పని చూసుకొని బస్టాండులో నిలబడి ఉన్నాడు. కార్లో ఎక్కించుకున్నాను.

కార్లో పాటలు మోగుతున్నాయి. నాకు ప్రోగ్రెసివ్ రాక్ పిచ్చి. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: పాట ఇరవై నిమిషాలు కూడా ఉండొచ్చు, తాళం మధ్యలో మారిపోతూ ఉంటుంది, కీబోర్డులూ గిటార్లూ కచేరీలో తనియావర్తనంలాగా ఒకదాన్నొకటి తరుముకుంటాయి. పింక్ ఫ్లాయిడ్, యెస్, కింగ్ క్రిమ్సన్, రష్, ఈ బాపతు. నాయిన ఏమీ అనకుండా కిటికీలోంచి పత్తి చేలు చూస్తున్నాడు. ఆ పాట అయిపోయి, ఈ మధ్యే వచ్చిన ఒక తెలుగు సినిమా పాట మొదలైంది. రెండు నిమిషాలు విని అడిగాడు:

"ఇది గూడ ఇంగ్లీషేనా?"

"కాదు నాయినా, తెలుగు."

ఆయన నావైపు తిరిగి కాసేపు చూశాడు. నేను ఆటపట్టిస్తున్నాననుకున్నాడు. "తెలుగా? మరి మాటలు యాడికి పోయినయిరా? ఈ పిల్లగాడు నోట్ల గుగ్గిళ్ళు పెట్టుకొని పాడుతున్నడా ఏంది?"

నవ్వొచ్చింది. నవ్వి ఊరుకుంటే ఈ టపా ఉండేది కాదు. "పాటకేం కాలేదు నాయినా, ఒకసారి నీ చెవులు చూపించుకో" అన్నాను. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఇల్లు చేరేదాకా ఇంకో మాట లేదు.

ఇక్కడ మా నాయిన గురించి చెప్పాలి. ఆయన పాటల గురించి ఏమీ తెలియని మనిషి కాడు. ముప్పై ఏళ్ళు మైకు సెట్టు నడిపాడు. ఒక ఆహూజా యాంప్లిఫయరు, రెండు బూరలు, కారు బ్యాటరీ, మొదట్లో గ్రామఫోను, తర్వాత టేపు రికార్డరు. పెళ్ళికైనా, పీర్ల పండక్కైనా, జాతరకైనా, ఎలక్షన్లకైనా చుట్టుపక్కల పదిహేను ఊళ్ళకి నాయినే. వేపచెట్టు ఎక్కి బూర కట్టి, దిగొచ్చి, మైకు మీద రెండుసార్లు వేలితో కొట్టి "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అనేవాడు. నేను కింద నిలబడి వైరు చుట్ట పట్టుకునేవాణ్ణి. నా మొదటి ఉద్యోగం అదే, జీతం లేదు, మిర్చీబజ్జీలు మాత్రం ఉండేవి.

ఆయనకో పద్ధతి ఉండేది. యాంప్లిఫయరు మీద బేసు మీట పూర్తిగా సున్నాకి తిప్పేసేవాడు. ఎందుకు నాయినా అంటే, "బూర బేసు మొయ్యదురా, లోపల డయాఫ్రం చినిగిపోతది. ఊరికే గడగడ తప్ప మాట రాదు" అనేవాడు. తర్వాత ఇంజనీరింగులో టెలిఫోను పాఠం వచ్చినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. పాత టెలిఫోను 300 హెర్ట్జ్ నుంచి 3400 హెర్ట్జ్ దాకా మాత్రమే పంపుతుంది. మనిషి మాట అర్థం కావడానికి దాదాపు ఆ మధ్య భాగం చాలు. బూర కూడా అంతే, కింద బేసూ లేదు, పైన తళుకూ లేదు, ఉన్నదంతా మాట ఉండే చోటే. తెల్లవారుజామున గుడి మీద ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం పెడితే, అదీ 1963 నాటి రికార్డింగు, ఊరవతల చేలో నిలబడ్డవాడికి కూడా ఒక్కో అక్షరం విడివిడిగా చేరేది. ఘంటసాల పోయాక 1974లో విడుదలైన భగవద్గీత సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వైపు ఎవరింట్లోనైనా మనిషి పోతే ముందు ఆ క్యాసెట్టే వెతుకుతారు. ఆ గొంతు రెండు వీధుల అవతల వినపడగానే అందరూ చేస్తున్న పని ఆపి "ఎవరు పోయిన్రు?" అని అడుగుతారు.

అలాంటి మనిషికి నేను చెవులు చూపించుకోమని చెప్పాను.

ఇక అసలు విషయానికొస్తాను.

జాతర అయిన రెండు నెలలకి ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో కారు స్పీకర్‌లోంచి ఇంటికి ఫోన్ చేశాను. కిటికీ సగం తెరిచి ఉంది, పక్కన బస్సు హారను కొడుతోంది, నేను సగం ఫోన్లో, సగం ముందున్న ఆటోతో. "నాయినా, ఈ ఆదివారం వస్తలేను, వచ్చే ఆదివారం వస్త" అన్నాను. "ఆఁ సరే సరే" అన్నాడు. పెట్టేశాను.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది. "యాడున్నవు రా?" అంది. ఇంట్లోనే ఉన్నానన్నాను. అటు కాసేపు నిశ్శబ్దం. నాయిన నాలుగింటి నుంచీ రోడ్డు మీద చాయ హోటల్ ముందు బెంచీ మీద కూర్చొని గద్వాల వైపు నుంచి వచ్చే కార్లన్నీ చూస్తున్నాడట. బండి నడుపుతుంటానని ఫోన్ కూడా చెయ్యలేదట. హోటలాయన షట్టరు దించుతుంటే లేచి ఇంటికొచ్చాడట. అమ్మ చేసిన జొన్నరొట్టెలు అట్లాగే ఉన్నాయి.

నేను అన్న వాక్యాన్ని ఒకసారి మీరే చూడండి. ట్రాఫిక్ మోతలో మధ్యలో రెండు మాటలు ఎగిరిపోతే మిగిలేది "ఆదివారం వస్త". ఆయన విన్నది తప్పు కాదు. ఆయనదాకా చేరిందే అంత.

మర్నాడు ఫోన్ చేస్తే నాయిన నన్నేమీ అనలేదు. "నాకే సరిగ్గ ఇనపడలేదులే" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఏడాదిగా నేనేం చెప్పినా ఆయన జవాబు "ఆఁ సరే సరే" ఒక్కటే. ఎదురు ప్రశ్న లేదు, గొడవ లేదు, సలహా లేదు. నాయిన మెత్తబడ్డాడని సంతోషించాను కూడా. ఆయన మెత్తబడలేదు, వినపడక మాట్లాడ్డం మానేశాడు.

ఆ వచ్చే ఆదివారం వెళ్ళి, సోమవారం కర్నూలు తీసుకెళ్ళి చెవి పరీక్ష చేయించాను. ఆడియోగ్రాం అని ఒక గ్రాఫు ఇస్తారు. మనవాళ్ళకి అది చదవడం తేలికే, అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా ఎన్ని డెసిబెళ్ళు పెంచితే వినపడింది అని. నాయినది వెయ్యి హెర్ట్జ్ దాకా పర్వాలేదు. రెండు వేలు దాటాక గీత మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో చాలామందికి అలాగే దిగుతుందట, దానికితోడు ముప్పై ఏళ్ళు బూరల పక్కన నిలబడ్డం.

ఆ గ్రాఫు అర్థం ఏంటంటే, మన మాటల్లో అచ్చులు బలమైనవి, కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి. హల్లులు బలహీనమైనవి, స, చ, త, క, ప లాంటివి పైన ఉంటాయి, 'స' అయితే నాలుగు వేల హెర్ట్జ్ పైనే ఎక్కువగా ఉంటుంది. అచ్చులు గొంతుని మోస్తాయి, హల్లులు అర్థాన్ని మోస్తాయి. నాయిన మాటల్లో చెప్పాలంటే "గొంతు ఇనపడుతది, మాట ఇనపడదు". ఇంతకంటే బాగా ఏ డాక్టరూ చెప్పలేడు.

సరే, నేను చెప్పిందే నిజమైంది కదా, చెవులదే తప్పు, పాటది కాదు. కేసు క్లోజ్. సిగ్గులేకుండా చెప్తున్నా, కారు నడుపుతూ తిరిగొచ్చేటప్పుడు లోపల కొంచెం తృప్తి కూడా కలిగింది.

కానీ మనం టెస్టింగు చెయ్యకుండా బగ్ క్లోజ్ చెయ్యం కదా. ఆ రాత్రి ఇంట్లో ఒక ప్రయోగం చేశాను. మూడు పాటలు. ఒకటి యాభైల్లో వచ్చిన ఒక తెలుగు సినిమా పాట, నాయిన ఎప్పుడూ వినంది (దొరకడానికి గంటన్నర పట్టింది, ఆయనకి అన్నీ వచ్చు!). ఇది ముఖ్యం, ఎందుకంటే పాత పాటలు స్పష్టంగా వినపడతాయని అనేవాళ్ళలో సగం మందికి ఆ పాటలు ముందే కంఠతా వచ్చు. తెలిసిన మాటని చెవి కాదు, జ్ఞాపకం వింటుంది. రెండోది కార్లో గొడవ పెట్టిన కొత్త పాట. మూడోది కూడా కొత్తదే, కానీ గిటారు, ఒక గొంతు, ఇంకేమీ లేనిది. ఒక్కొక్కటీ రెండుసార్లు వినిపించి, అర్థమైనంత రాయమన్నాను. నేను కూడా వేరే కాగితం మీద రాశాను.

ఫలితాలు: పాత పాట, నాయిన దాదాపు మొత్తం రాశాడు, నాలుగైదు మాటలు తప్ప. గిటారు పాట, ముప్పావు వంతు. కార్లో పాట, పల్లవిలో మూడు మాటలు. "మూడు మాటలు గూడ డౌటే" అన్నాడు.

ఇప్పుడు నా కాగితం. పాత పాట మొత్తం. గిటారు పాట మొత్తం. నేను కనీసం యాభైసార్లు విన్న ఆ కార్లో పాట, నిక్షేపంలాంటి చెవులతో, చరణంలో సగం ఖాళీలు. రాసిన సగంలో కూడా నెట్‌లో సాహిత్యంతో పోల్చి చూస్తే మూడు తప్పులు. ఇన్నాళ్ళూ నేను ఆ పాటని వింటున్నాననుకున్నాను, దాన్తోపాటు హమ్ చేస్తున్నానంతే.

అంటే నాయిన చెవి చెడిపోయిన మాట నిజం, ఆ పాటలో మాట కనపడకుండా పోయిన మాట కూడా నిజం. నాకున్న మంచి చెవులు ఆ రెండోదాన్ని కప్పేస్తున్నాయి.

ఎందుకిలా? నాకు తెలిసినంతలో చెప్తాను.

మాయాబజార్ తీసుకోండి. 1957. ఘంటసాల సంగీతం, కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి, మాటలు పింగళివి. వెన్నెల్లో పడవ మీద వచ్చే పాట తెలియనివాళ్ళు మనలో ఉండరు. ఆ రోజుల్లో మద్రాసులో పాట రికార్డింగంటే గాయకులూ వాద్యబృందమూ ఒకేచోట, ఒకేసారి. మైకులు కొన్నే, ట్రాకు ఒక్కటే. తర్వాత మిక్సింగులో చూసుకుందాంలే అనే మాటే లేదు. ఎవరైనా ఒక్క స్వరం తప్పితే అందరూ మళ్ళీ మొదటినుంచి. పైగా ఆ పాట చివరికి మోగేది సినిమాహాల్లో తెర వెనకున్న స్పీకర్లో, రేడియోలో, మా నాయినలాంటివాళ్ళ బూరలో. దేంట్లోనూ లోతైన బేసు లేదు, ఎనిమిది వేల హెర్ట్జ్ దాటి పెద్దగా ఏమీ రాదు.

ఇంత ఇరుకు సందులోంచి గొంతు బయటికి రావాలంటే ఒక్కటే దారి, మిగతావాళ్ళు పక్కకి జరగడం. వినండి కావాలంటే. పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లు విజృంభిస్తాయి. గొంతు మొదలవగానే మొత్తం సద్దుమణిగి తబలా, దాని వెనక సన్నగా ఇంకేదో. గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీలో వేణువు ఒక ముక్క అని మళ్ళీ తప్పుకుంటుంది. గొంతు ఉన్నప్పుడు గొంతు, లేనప్పుడు వేణువు. ఆ క్రమశిక్షణ వాళ్ళ గొప్పతనం ఎంతో, వాళ్ళ పరికరాల పేదరికం కూడా అంతే.

ఇప్పుడు కంప్యూటర్లో వంద ట్రాకులు పెట్టుకోవచ్చు. ఎవరూ తప్పుకోనక్కర్లేదు. కీబోర్డు పొరలు, గిటార్లు, లూపులు, కోరస్సు, అన్నీ మాట ఉండే ఆ వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్జ్ గదిలోకే వచ్చి కూర్చుంటాయి. ఒక శబ్దం ఇంకో శబ్దాన్ని కప్పేయడాన్ని మాస్కింగ్ అంటారు. హల్లులు అసలే బక్కవి, ముందు మునిగేవి అవే. దీనిమీద చివర్లో పాట మొత్తాన్ని లిమిటర్‌తో నొక్కి గట్టిగా చేస్తారు. డిజిటల్‌లో శబ్దానికో పైకప్పు ఉంటుంది, దాన్ని దాటలేం. కాబట్టి చిన్న శబ్దాలన్నిటినీ పైకప్పు దాకా లేపుతారు. నా కంప్యూటర్లో ఆడాసిటీలో తెరిచి చూస్తే పాత పాట గుట్టలూ లోయల్లాగా ఉంది, కొత్తది ఇటుకలాగా ఉంది. అన్నట్టు, కంప్రెషన్‌ని అందరం తిడుతుంటాం గానీ, గొంతు ఒక్కదానికే వాడితే అది మాటని బయటికి తెస్తుంది కూడా. అందర్నీ కలిపి ఒకే ఎత్తుకి లేపినప్పుడే ఇబ్బంది.

"చూశారా, పాతదే బంగారం" అని ఎవరైనా ఇప్పుడు అంటే ఒప్పుకోను. నా ప్రోగ్ రాక్ పిచ్చి పనికొచ్చేది ఇక్కడే.

కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బం 1969ది. దాని మొదటి పాటలో గొంతుని కావాలనే రేకు డబ్బాలోంచి వచ్చినట్టు చించేశారు. రెండో పాటలో అదే గాయకుడు చెవి దగ్గర చెప్పినట్టు పాడతాడు. ఒకే ఏడు, ఒకే బృందం. కాబట్టి పాత రికార్డింగు కదా స్పష్టంగా ఉంటుంది అనేది చెల్లదు, వాళ్ళకి ఎక్కడ మాట కావాలో అక్కడ పెట్టుకున్నారు. పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'ని ఆబీ రోడ్ స్టూడియోలో పదహారు ట్రాకుల యంత్రం మీద చేశారు. పదహారు నిండా సరుకున్నా గొంతు వచ్చినప్పుడు దారి ఇచ్చారు.

అటువైపు రష్ 2002లో తెచ్చిన 'వేపర్ ట్రెయిల్స్' ఉంది. ప్రోగ్ అభిమానుల్లో ఈ పేరెత్తితే ఇప్పటికీ గొడవే. అంత గట్టిగా, అంత కిక్కిరిసి ఉంటుంది. బ్యాండుకే తృప్తి లేక, 2013లో మొత్తం ఆల్బం మళ్ళీ మిక్స్ చేయించి విడుదల చేశారు. అవే పాటలు, అదే గొంతు, కానీ ఈసారి మాట వినపడుతుంది. ఇంకో పక్క స్టీవెన్ విల్సన్ అనే ఆయన కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ పాత టేపులు తీసి కొత్తగా మిక్స్ చేస్తూ వస్తున్నాడు. 2009లో వచ్చిన ఆ కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బం మిక్స్ వింటే, అప్పట్లో ట్రాకులు చాలక టేపు మీంచి టేపుకి ఎక్కించినందువల్ల వచ్చిన మసక తొలిగిపోయి ఉంటుంది. కొత్త టెక్నాలజీయే పాత గొంతుని బయటికి తీసింది. కాబట్టి నేరం యంత్రానిది కాదు. ఇక్కడ ఎవరు మాట్లాడాలి, ఎవరు ఆగాలి అని నిర్ణయించే మనిషిది.

మన పాత పాటలకి ఆ అదృష్టం చాలావరకు లేదు. అన్నీ ఒకే ట్రాకులో కలిసిపోయి పుట్టాయి, విడదీయడానికి విడి టేపులు లేవు. మాయాబజార్‌కి 2010లో రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కి మార్చి విడుదల చేసినప్పుడు హాల్లో చూశాను. బాగానే ఉంది, కానీ నాలుగు స్పీకర్లలోంచి వచ్చినా ఆ గొంతు ముందెంత స్పష్టంగా ఉందో అప్పుడూ అంతే.

ఇప్పుడు దీనికి కూడా మందొచ్చింది. 2023లో బీటిల్స్ 'నౌ అండ్ దెన్' పాట వచ్చింది గుర్తుందా? జాన్ లెనన్ ఎప్పుడో డెబ్భైల్లో క్యాసెట్టులో పాడుకున్న గొంతుని పియానో నుంచి మెషీన్ లెర్నింగ్‌తో విడదీశారు. అలాంటి పని మన లాప్‌టాప్‌లోనే చేసే సాధనాలున్నాయి. ఫేస్‌బుక్ పరిశోధకులు 2019లో మొదటిసారి విడుదల చేసిన డెమక్స్ వాటిలో ఒకటి, ఓపెన్ సోర్స్. పాట ఇస్తే గొంతు, డ్రమ్స్, బేసు, మిగతావి అని నాలుగు ఫైళ్ళు చేసిచ్చేస్తుంది.

ఇంకేం, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి ఒక సమస్య, ఒక పైథాన్ లైబ్రరీ దొరికితే ఆగుతాడా? శని, ఆదివారాలు కూర్చొని ముప్పై కొత్త పాటలు విడదీశాను. గొంతుని ఆరు డెసిబెళ్ళు పెంచి, మిగతావి తగ్గించి, రెండు వేల పైన నాయిన ఆడియోగ్రాంకి తగ్గట్టు కాస్త లేపి, మళ్ళీ కలిపి పెన్‌డ్రైవులో వేసుకుని ఊరెళ్ళాను. కొడుకంటే వీడు అని మనసులో అనుకుంటూ.

నాయిన పది పాటలు ఓపిగ్గా విన్నాడు. "మాటలు ఇనపడుతున్నయి" అన్నాడు. నేను ఉప్పొంగిపోయేలోపే, "కానీ పాట సచ్చిపోయింది" అన్నాడు. "వాళ్ళు మోతకోసమని చేసుకున్న పాట అది. మోత తీసేస్తె ఏముంటది? పిలగాండ్లు ఎగరనీకె చేసుకున్నరు, ఎగరనియ్యి. అన్నీ నాకోసమని ఉండాల్నా?"

నిజమే అనిపించింది. ప్రతి పాటా మాట కోసమే కాదు. గొంతుని ఇంకో వాయిద్యంలాగా వాడుకునే పాటలు ఉంటాయి, ఉండాలి. నేను ప్రాణం పెట్టి వినే ప్రోగ్ పాటల్లో సగానికి నాకిప్పటికీ సాహిత్యం తెలియదు.

తర్వాత ఆయన పెన్‌డ్రైవు తీసి నా చేతిలో పెట్టి, కొంచెం ఆగి, అన్నాడు: "పాటలు పోనీ తియ్యిరా. ఫోన్ల నువ్వు మాట్లాడేది జర ఇట్ల చేసియ్యి."

ముప్పై పాటలు రిపేరు చేశాను. ఇనపడాల్సిన ట్రాకు ఏదో ఆయన చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆలోచిస్తే నా ఫోన్ కాల్ ఆ ఇటుక ఫైలు లాంటిదే. కారు చప్పుడు, బస్సు హారను, స్పీకరు ఫోను, మధ్యలో సగం ఇంగ్లీషు, మాట చివరలు మింగేయడం, ఎదుటివాడు ఊపిరి తీసుకునే ఖాళీ కూడా ఇవ్వకపోవడం. ఇంట్లో కూర్చున్నా అంతే, టీవీ మోగుతుంటుంది, పిల్లలు అరుస్తుంటారు, నలుగురం ఒకేసారి మాట్లాడుతుంటాం, ఆయన మధ్యలో కూర్చొని అందరి మొహాలూ చూసి మనం నవ్వినప్పుడు నవ్వుతుంటాడు. ఆయన నవ్వుతున్నాడు కదా అని మనం అనుకుంటాం.

ఇప్పుడు చెవిలో మిషను పెట్టుకుంటున్నాడు. మొదట్లో రొద ఎక్కువగా ఉందని తీసి డబ్బాలో పెట్టేవాడు, మెల్లగా అలవాటైంది. మిషను కూడా అన్నిటినీ కలిపే పెంచుతుంది, పక్కన చప్పుడుంటే దానికీ కష్టమే. అందుకని మా ఇంట్లో రెండు రూళ్ళు పెట్టుకున్నాం. ఆయనతో మాట్లాడేటప్పుడు టీవీ మూగబోవాలి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. పిల్లలకి మొదట్లో విసుగొచ్చింది, ఇప్పుడు వాళ్ళే ఒకర్నొకరు "తాత ట్రాకు, ఆగు" అంటున్నారు.

నేను కారు నడుపుతూ ఇంటికి ఫోన్ చెయ్యడం మానేశాను. పక్కకి ఆపి, కిటికీ ఎక్కించి, స్పీకరు తీసేసి, ఫోను నోటి దగ్గర పెట్టుకొని చేస్తున్నాను. నాయిన ఫోన్ ఎత్తగానే ముందు క్షేమసమాచారాలు కాదు. "టెస్టింగ్ చెయ్యి" అంటాడు. నేను రోడ్డు పక్కన కార్లో ఒక్కణ్ణే కూర్చొని "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటాను. అటు నుంచి "ఆఁ, మాట వస్తున్నది, చెప్పు" అని వినపడ్డాకే మొదలుపెడతాను.

ఈ మధ్య "ఆఁ సరే సరే" తగ్గింది. నిన్న ఇల్లు కొనే విషయం చెప్తే అరగంట పోట్లాడాడు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను :)

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఫోన్లో మరీ తొందరగా "సరే సరే" అంటున్నారేమో ఒకసారి గమనించండి. ఇక పాటల సంగతంటారా, ఒక కాగితం తీసుకొని మీకు బాగా ఇష్టమైన కొత్త పాట ఒకటి పెట్టుకొని విన్నది విన్నట్టు రాసి చూడండి. ఎన్ని ఖాళీలొచ్చాయో కింద చెప్పండి. నాకంటే తక్కువొస్తే మిర్చీబజ్జీలు నావి.